పిడికెడు బియ్యం డబ్బాతో నలభై రోజులు: శ్రమకాలాన్ని ఇంట్లో పాటించే పద్ధతి

మా వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద మూత సొట్టపోయిన స్టీలు డబ్బా ఒకటి ఉంటుంది. ఏడాదిలో పది నెలలు అందులో ఎండుమిరపకాయలు పోసిపెడతాం. శ్రమకాలం, అంటే ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల ఉపవాసకాలం, వస్తోందంటే మా అత్తమ్మ వాటిని చాటలోకి దులిపి, డబ్బా కడిగి, మిద్దె మీద ఎండలో బోర్లిస్తుంది. ఘాటు పోవడానికి రెండు రోజులు పడుతుంది. డబ్బా మిద్దెక్కిందంటే ఇక క్యాలెండర్ చూడక్కర్లేదు, ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం దగ్గరికొచ్చిందని అందరికీ తెలిసిపోతుంది.

మాది కడప. నా పుట్టింటివాళ్లు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కులు), అత్తింటివాళ్లు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్లు). లండన్ మిషన్ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. ఆ సంఘాలే 1947లో సీఎస్‌ఐలో కలిశాయి. ఆర్‌సీఎం వాళ్లకు కడప మేత్రాసనం (బిషప్ గారి పరిధి) 1976లో ఏర్పడింది. చరిత్ర అట్లుంచితే, కొత్తకోడలిగా నాకు ఎదురైన చిక్కులు వేరు. పుట్టింట్లో తపస్సుకాలం అన్నదాన్ని ఇక్కడ శ్రమకాలం అంటారు. అక్కడ ఫాదర్ గారు నుదుటి మీద బూడిద పెడతారు, ఇక్కడ అయ్యగారు పెట్టరు. అక్కడ శుక్రవారం సిలువమార్గం, ఇక్కడ శుక్రవారం ఉపవాస కూడిక. రెండిళ్లలోనూ మారకుండా కనిపించింది ఆ బియ్యం డబ్బా ఒక్కటే. అందుకే దాన్ని పట్టుకునే ఈ నలభై రోజుల పద్ధతి చెబుతాను. నా లెక్కలో మనం మానేసింది ఇంకొకరికి చేరాలి. చేరకపోతే దాని పేరు డైటింగ్.

ముందు రోజులు లెక్కపెట్టుకోండి

2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తాయి. మధ్యలో రోజులు లెక్కపెడితే 46 తేలతాయి, నలభై కాదు. మొదటిసారి లెక్కపెట్టినవాళ్లందరికీ ఇక్కడ అనుమానం వస్తుంది. ఆదివారం పునరుత్థానాన్ని గుర్తుచేసుకునే రోజు కాబట్టి దాన్ని ఉపవాస దినంగా లెక్కలోకి తీసుకోరు. ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై. అరణ్యంలో యేసు ఉన్న నలభై రోజులు, ఇశ్రాయేలీయులు తిరిగిన నలభై ఏళ్లు ఈ సంఖ్య వెనక ఉన్నాయి. క్రీ.శ. 325లో జరిగిన నైసియా బిషప్పుల సభ తీర్మానాల్లోనే పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు నలభై రోజుల ప్రస్తావన ఉంది.

తేదీ ఏటా ఎందుకు మారుతుందని పిల్లలు అడుగుతారు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్ అని చెప్పండి. చర్చికి లెక్కకట్టే పట్టిక వేరే ఉంది గానీ, పిల్లలకు ఈ మాట చాలు.

లెక్క ఎందుకంటే, మన ఇళ్లలో ఈ రోజులు ఖాళీగా ఉండవు. ఇంటర్ పరీక్షలు, పదో తరగతి పరీక్షలు ఈ నెలల్లోనే ఉంటాయి. ఆడిటింగ్, మార్చి నెలాఖరు ఆఫీసు పని కూడా ఇప్పుడే. పరీక్ష రాసే పిల్లల చేత ఉపవాసాలు చేయించకండి. వాళ్లకు పొద్దున ఒక కీర్తన చదివే పని అప్పజెబితే చాలు.

వారం ముందే మూడు తేల్చుకోండి

మానేది ఒకటి, చేసేది ఒకటి, ఇచ్చేది ఒకటి. మత్తయి 6వ అధ్యాయంలో యేసు ధర్మం, ప్రార్థన, ఉపవాసం అని మూడూ పక్కపక్కనే పెట్టి చెప్పాడు. మనం ఉపవాసాన్ని మాత్రం గట్టిగా పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేస్తుంటాం.

నేను చేసిన తప్పు చెబుతాను. పెళ్లయిన కొన్నేళ్లకు, అత్తింట్లో భక్తి చూపించుకోవాలని టీ, మాంసం, సీరియల్, ఫోను, తీపి అన్నీ ఒకేసారి మానేశాను. రెండో రోజుకే కణతలు పగిలిపోయేంత తలనొప్పి. తొమ్మిదో రోజు పాల గ్లాసు ఒలకబోశాడని మూడేళ్ల పిల్లోడి వీపు మీద ఒకటిచ్చాను. వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. అత్తమ్మ ఏమీ అనలేదు. టీ పెట్టి, గ్లాసు నా ముందుంచి, "తాగు. పిల్లోన్ని కొట్టే ఉపాసం దేవుడికెందుకు మ్మే" అని లోపలికి పోయింది.

అప్పటినుంచి ఒకటే మానుతున్నాను. అది టీ అయితే వారం ముందునుంచే రోజుకింత తగ్గించుకోండి. అలవాటున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రోజుల్లో తలనొప్పి, చిరాకు తప్పవు. అది శోధనేం కాదు, టీలో కెఫీన్ అందకపోవడమే.

ఏం మానాలో తేలకపోతే ఫోను చూడండి. ఏ యాప్‌లో ఎంతసేపు గడిపామో అదే చూపిస్తుంది. అన్నిటికంటే పైన ఉన్నదే మీరు మానాల్సింది. నాకైతే అందరి వాట్సాప్ స్టేటస్‌లు చూడటం. పెద్ద పాపమేం కాదు, కానీ అది లేకపోతే చెయ్యి ఊరుకోదు.

మానిన దానికి ఎదురుగా దాని విలువ రాసుకోండి. మా ఆయన ఆఫీసు దగ్గర రెండు టీలు మానేస్తాడు. టీ పది రూపాయల లెక్కన రోజుకు ఇరవై, నలభై రోజులకు ఎనిమిది వందలు. ఆ డబ్బు ఎవరికో ముందే అనుకోవాలి. చివర్లో చూద్దాంలే అనుకుంటే అది ఈస్టర్ బట్టల్లో కలిసిపోతుంది.

విభూది బుధవారం

పోయిన ఏడు మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) తెచ్చిన మట్టలు తలుపు పైనో, పటం వెనకో దోపి ఉంటాయి. వాటిని గుడికి తీసుకెళ్లి ఇవ్వండి. వాటిని కాల్చిన బూడిదే నుదుటికి వస్తుంది. పోయినేడు హోసన్నా అంటూ ఊపిన మట్ట ఈ ఏడు బూడిదై మన ముఖానికి అంటుతుంది. చిన్నప్పుడు ఫాదర్ గారి బొటనవేలు నుదుటి మీద గరగరమంటూ సిలువ గీస్తుంటే, ఆ పొడి ముక్కు మీద రాలి తుమ్ము వచ్చేది. నవ్వితే మా నాయన చూపుతోనే చంపేవాడు. మన్ను నుంచి వచ్చావు, మన్నులోకే పోతావన్న మాట ఆ వయసులో ఎక్కలేదు. నాయన్ని మట్టిలో పెట్టిన ఏడాది ఎక్కింది.

ఒక తమాషా ఉంది. ఆ రోజు పూజలో చదివే సువార్త, ఉపవాసం చేసేటప్పుడు ముఖం కడుక్కో, పదిమందికీ కనపడనీయకు అంటుంది. అది విని, నుదుట బూడిదతో బజారులోకి వస్తాం. సీఎస్‌ఐలో పుట్టిన మా అత్తమ్మ ఏటా ఇదే అడుగుతుంది. నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటాను.

ఉపవాసం: కడప ఎండల్లో

ఆర్‌సీఎం వాళ్లకు విధి ఇది. విభూది బుధవారం, మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజులూ ఒక పూట నిండుగా తిని, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం తినొచ్చు. ఆ రెండు కొంచేలు కలిపినా ఒక పూట భోజనమంత కాకూడదు. 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 60వ ఏట అడుగుపెట్టేవాళ్ల దాకా ఇది వర్తిస్తుంది. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవాళ్లందరికీ, శ్రమకాలపు శుక్రవారాల్లోనూ ఉంటుంది. సీఎస్‌ఐలో ఇంత ఖచ్చితమైన విధి ఉండదు. ఒక పూట మానేవాళ్లు, నలభై రోజులూ చియ్యలు ముట్టనివాళ్లు, ఎవరి తీర్మానం వాళ్లది.

నీళ్లు మాత్రం మానకండి. మార్చి దాటాక మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు పట్టుకుంటుంది. నీళ్లు కూడా మానడం పై విధిలో ఎక్కడా లేదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పూట మానకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, జబ్బుపడి లేచినవాళ్లు అసలు చేయనక్కర్లేదు. వాళ్లకు నోటి ఉపవాసం ఉంది. ఈ నలభై రోజులూ ఇంకొకరి గురించి చెడు మాట్లాడకుండా ఉండటం. చేసి చూడండి, ఇడ్లీ మానడం దీనికంటే సులువు.

మా ఇంట్లో బుధ, శుక్రవారాలు పొద్దున ఏమీ ఉండదు. పది గంటలకు ఉప్పేసిన పలుచటి మజ్జిగ. మధ్యాహ్నం రెండింటికి రాగి సంగటి, ఏదో ఒక ఆకు పప్పు. చెనిక్కాయల చట్నీ ఉండదు. చట్నీ ఉంటే మా ఆయన రెండు ముద్దలు తినే చోట నాలుగు తింటాడు. రాత్రికి ఒక అరటిపండు, లేదంటే గుప్పెడు బొరుగులు. అంతే.

మాంసం లేదని పన్నీరు బిర్యానీ, పుట్టగొడుగుల ఫ్రై చేసుకునే ఇళ్లు చూశాను. ఆ పన్నీరు ఖర్చు కోడికూర ఖర్చును దాటుతుంది. నియమం తప్పలేదు నిజమే, కానీ ఆ శుక్రవారం ఎవరికీ ఏమీ మిగల్లేదు. యెషయా 58వ అధ్యాయం విభూది బుధవారానికి ముందు ఒకసారి చదవండి. దేవుడు అడిగిన ఉపవాసం ఆకలిగొన్నవాడితో నీ ఆహారం పంచుకోవడమేనని ఆ ప్రవక్త మొహమాటం లేకుండా చెప్పాడు.

డబ్బా

ఎసట్లో బియ్యం పోసేముందు, ఇంటికి కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. డ్రమ్ములోంచి విడిగా తీసి వేయకూడదు. ఇదే దీంట్లో కిటుకు. కొలిచిన దాంట్లోంచి తీస్తే ఆ పూట ఇంట్లో అందరికీ ఒక్కో ముద్ద తగ్గుతుంది. విడిగా తీస్తే అది ఉత్త దానం, కంచంలో ఏమీ తగ్గదు.

ఒకసారి కూరగాయల కాటాలో నా పిడికిలి తూచాం. 45 గ్రాములు. అత్తమ్మది 40 దాటలేదు, వేళ్లు వంకరపోయాయి కదా. రోజుకు రెండు పూటలు, నలభై రోజులు, ఎనభై పిడికిళ్లు: మూడున్నర కిలోల పైమాటే. చిన్న ఇంటికి వారం గడుస్తుంది. మా వీధిలో నాలుగిళ్లవాళ్లం కలిపాక పద్నాలుగు కిలోలు దాటింది.

చాలా సంఘాల్లో ఈ బియ్యాన్ని ఆదివారం గుడికి తెచ్చి పోస్తారు, అదీ మంచిదే. మేం మాత్రం చేతికే ఇస్తాం. ఎవరికివ్వాలో విభూది బుధవారం నాడే అనుకుంటాం. అనుకున్న మనిషిని నలభై రోజులు రోడ్డు మీద చూస్తూనే ఉంటాం. ఆమె దగ్గిందని, చెప్పు తెగిందని కంట పడుతుంది. బియ్యం ఇచ్చేసరికి ఆమెకు బియ్యంతో పాటు ఇంకేం కావాలో తెలిసిపోతుంది. పురుగు పట్టకుండా డబ్బాలో నాలుగు వేపాకులు వేయండి.

ప్రార్థన: పావుగంట

గంట అనుకుంటే నాలుగో రోజుకే తప్పుతారు. పావుగంట చాలు, కానీ అదే చోట, అదే వేళకు. నాకు తెల్లవారుజామున ఐదు దాటాక కుదురుతుంది. మసీదులో అజాన్ అయిపోతుంది, పాల ప్యాకెట్లు గేటు దగ్గర పడ్డ చప్పుడు వస్తుంది, ఇంట్లో ఎవరూ లేవరు. ఫోను వేరే గదిలో పెట్టండి. ఫోన్లో బైబిలు ఉంది కదా అంటారు. పుస్తకం బైబిలులోకి గుడ్‌మార్నింగ్ మెసేజ్ రాదు.

ఏం చదవాలి? నాలుగు సువార్తలూ కలిపి 89 అధ్యాయాలు. రోజుకు రెండు చదివితే 45 రోజుల్లో, అంటే మంచి శుక్రవారానికి పూర్తవుతాయి. లెక్క బాగా కుదిరిందని ఒక ఏడాది అట్లే చేశాను. చదివానా, పరిగెత్తానా అన్నది నాకే తెలీదు. ఇప్పుడు లూకా ఒక్కటే చదువుతున్నాను, అదీ 9వ అధ్యాయం 51వ వచనం నుంచి. యేసు యెరూషలేముకు పోవాలని మనసు గట్టి చేసుకుని బయలుదేరేది అక్కడే. అక్కడినుంచి సిలువ దాకా అంతా దారే. మంచి సమరయుడు, తప్పిపోయిన కొడుకు, జక్కయ్య, అందరూ ఆ దారిలోనే ఎదురవుతారు. పదిహేను అధ్యాయాలు, నలభై రోజులు. తొందర లేదు.

ఒక చిన్న భాగం పైకి చదవండి. పైకి చదివితే నాలుక తట్టుకున్న చోట మనసు ఆగుతుంది. ఆగిన మాట దగ్గర రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. తర్వాత మీ మాటల్లో, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే దేవుడితో చెప్పండి. బుధవారాలకు కీర్తన 51 పెట్టుకోండి. దావీదు తన తప్పును ఇంకెవరి మీదికీ తోయకుండా ఒప్పుకున్న కీర్తన అది. ఇలాంటి పశ్చాత్తాప కీర్తనలు ఏడని సంఘం ఏనాటినుంచో లెక్కగట్టింది: 6, 32, 38, 51, 102, 130, 143. ఒక్కో వారానికి ఒకటి అనుకుంటే శ్రమకాలానికి సరిపోతాయి.

శుక్రవారం సిలువమార్గం, ఇద్దరికీ కుదిరేలా

సిలువమార్గం అంటే యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ ఆగి ఆగి చేసే ప్రార్థన, అందులో 14 స్థలాలు. యేసు మూడుసార్లు పడటం, వెరోనికా అనే ఆమె ఆయన ముఖం తుడవడం సువార్తల్లో లేవని అత్తమ్మ మొదట్లో వచ్చేది కాదు. ఆమె మాటా నిజమే, అవి సంప్రదాయం నుంచి వచ్చినవి. 1991 మంచి శుక్రవారం నాడు రెండో జాన్ పాల్ పోపు గారు రోములో, అన్నీ లేఖనాల్లో ఉన్న ఘట్టాలతోనే 14 స్థలాలు నడిపించారు. గెత్సెమనే తోటలో మొదలై, పేతురు బొంకడం, మంచి దొంగ, సిలువ దగ్గర తల్లీ శిష్యుడూ అన్నీ అందులో ఉంటాయి. ఇది తెలిశాక మా ఇంట్లో గొడవ తీరింది.

పద్నాలుగు చీటీల మీద వచనాలు రాసి మిద్దె మెట్ల మీద ఒక్కో మెట్టుకు ఒకటి పెడతాం. ఒకరు చదువుతారు, ఒక నిమిషం మౌనం, తర్వాతి మెట్టు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కిందే కుర్చీలో కూర్చుని వింటారు. అరగంటలో అయిపోతుంది. పిల్లలకు చీటీలు పెట్టే పని ఇవ్వండి, నిద్రపోరు.

మధ్యలో పండుగలు, తప్పిపోవడాలు

2026లో అన్నీ కలిసొచ్చాయి. రంజాన్ ఉపవాసాలూ మనవీ ఒకే వారంలో మొదలయ్యాయి, మార్చి 19న ఉగాది. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్లే ఊరు మాది. అలాంటి చోట పక్కింటివాళ్లు ఏమీ పంపకుండా ఉంటారా? సాయంత్రం ఇఫ్తారుకు పక్కింటి ఆపా సమోసాలు పంపింది, ఉగాదికి ఎదురింటి పెద్దమ్మ బొబ్బట్లు తెచ్చింది. తీపి మానేశానని ఆమె ముందు అనగలనా? అక్కడే నిలబడి సగం తిన్నాను. ప్రేమతో ఇచ్చింది తినండి, మరుసటి రోజు మళ్లీ మొదలుపెట్టండి. ఆమె వెళ్లాక మిగతా మూడు కూడా తిన్నాననుకోండి, అది వేరే సంగతి.

తప్పితే కథ ముగిసిందనుకోవద్దు. పన్నెండో రోజుకీ ఇరవయ్యో రోజుకీ మధ్య ఎక్కువమంది వదిలేస్తారు, కొత్తదనం పోతుంది, పండుగ ఇంకా కనపడదు. తప్పిన రోజుకు శిక్షగా మరుసటి రోజు రెండింతలు చేయకండి. డబ్బాలో ఇంకో పిడికెడు వేసి సాగిపోండి.

నాలుగో వారం: ఒక ఫోను

ఇది అన్నిటికంటే కష్టం, వాయిదా వేయకండి. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వాడితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది. ఆర్‌సీఎం వాళ్లు పాపసంకీర్తనానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) పోయేముందు, సీఎస్‌ఐ వాళ్లు ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి) పోయేముందు ఈ పని చూసుకోవాలి. మన వైపు గట్టు తగాదాలు, పెళ్లి చీర దగ్గర మాటలు, చేబదుళ్లు లేని ఇల్లు ఏది?

నాకు మా అన్నతో రెండేళ్లపాటు మాటల్లేవు. నాయన ఇంటి వాటా దగ్గర మొదలైంది. తప్పెవరిదని ఇక్కడ రాయను, రాస్తే మళ్లీ నా వైపే రాసుకుంటాను. పోయిన శ్రమకాలంలో నాలుగో వారం, గురువారం సాయంత్రం మిద్దెక్కి ఫోను చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"ఏం పాపా, ఎవురికన్నా బాగలేదా?"

"అందరూ బాగుండారన్నా. ఊరికే చేసినా."

చాలాసేపు ఏమీ అనలేదు. వెనక మోటారు చప్పుడు వినిపిస్తోంది. "చీనీ చెట్లకు నీళ్లు కడతాండా," అన్నాడు. చెట్లెట్లున్నాయని అడిగాను. కాయ రాలిపోతోందన్నాడు. ఇంటి సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడాం.

ఇలా చేయదలచుకుంటే ముందే మాటలు సిద్ధం చేసుకోకండి. క్షమించానని చెప్పడానికి ఫోను చేయకండి, అది మళ్లీ తగాదా అవుతుంది. బాగున్నావా అని అడగడానికి చేయండి. ఎత్తకపోతే వచ్చే వారం మళ్లీ చేయండి. కొట్టిన, హింసించిన మనిషి అయితే మాత్రం ఈ మెట్టు మీకు కాదు. అక్కడ దూరంగా ఉండి ప్రార్థన చేస్తే చాలు.

పరిశుద్ధ వారం

మట్టల ఆదివారానికి ఈతమట్టలు ముందురోజే తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఎండితే పిల్లలు సిలువలు అల్లేటప్పుడు విరిగిపోతాయి. గురువారం రాత్రి గుడికి పోలేకపోతే ఇంట్లోనే ఒక చెంబు నీళ్లతో ఒకరి కాళ్లు ఒకరు కడగండి. అత్త కాళ్లు కోడలు కడగడం మామూలే. మా ఇంట్లో అత్తమ్మ నా కాళ్లు కడిగిన రాత్రి నేను ఎటు చూడాలో తెలియక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువలో పలికిన ఏడు మాటల ఆరాధన. తెల్లచీరలు, ఫ్యాన్లకు అందని మూల, మూడు గంటలు. చిన్నపిల్లలున్నవాళ్లు తలుపు దగ్గర కూర్చోండి, నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. ప్రసంగికులు ఏడుగురుంటే ఐదో మాట దగ్గర నిద్ర ముంచుకొస్తుంది. "దప్పిగొనుచున్నాను" అన్న మాట అదే కాబట్టి, ఆ వేళకు నిజంగానే నోరెండి ఉంటుంది. ఆ దప్పికతోనే వినండి.

శనివారం పెద్ద కార్యక్రమం పెట్టుకోవద్దు. మేం పొద్దున సమాధుల దొడ్డికి పోయి నాయన రాతి మీద దుమ్ము కడిగి, చుట్టూ గడ్డి పీకి వస్తాం. ఈస్టర్ తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగించాలి కదా. సాయంత్రం డబ్బా.

పోయిన ఏడు బియ్యం మా వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వకు అనుకున్నాం. సంచిలో పోసి, నాలుగిళ్ల బియ్యంతో పాటు మా ఆయన టీ డబ్బుతో కొన్న నూనె, కందిపప్పు, ఒక జత చెప్పులు పెట్టాం. అవ్వ సంచి తీసుకుని లోపలికి పోయి, మా పిల్లోడి చేతిలో రెండు బెల్లం ముక్కలు పెట్టి పంపింది. ఉత్త చేతులతో పంపకూడదంట.

ఇంటికొచ్చి డబ్బా కడిగి బోర్లించాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని పొద్దున్నే తేవాల్సిన చియ్యల లెక్క చెబుతోంది. కిలో చాలదంది. నలుగురికి కిలో ఎందుకు చాలదు అత్తమ్మా అన్నాను.

"మీ అన్నోళ్లు వస్తాండారు. మధ్యాన్నం నాకు ఫోన్ చేసినాడులే."